రివ్కమ్మతో తలుపులు తట్టిన రోజు

ఇవాళ పొద్దున బాత్రూమ్ కడుగుదామని బ్లీచ్ సీసా తెరిచానో లేదో, గుప్పున ఆ వాసన. బ్రష్ చేతిలోనే ఉండిపోయింది. అందరికీ అది బాత్రూమ్ వాసన, నాకు మాత్రం కొలను నీళ్ళ వాసన, రివ్కమ్మ వాసన. అరవై దాటిన నన్ను ఈత కొలనులోకి దించి తేలడం నేర్పిన మనిషి ఆవిడ. నాకు సంతకం తప్ప పెద్దగా రాయడం రాదు, నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. ఈ సంగతి చెప్పేదాకా నాకు ఊపిరాడదు.

మా ఆయన పోయాక అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో ఉన్న అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. బాల్కనీ కమ్మీ మీద చీర ఆరేస్తే అపార్ట్‌మెంట్ ఆఫీసు వాళ్ళు రెండుసార్లు నోటీసు అంటించారు. మూడోసారి తలుపు చప్పుడైతే తీశాను. ఎదురుగా పొడుగ్గా, నెరిసిన జుట్టుకు రుమాలు కట్టుకున్న ఒక పెద్దావిడ. ఈవిడా తిట్టడానికే వచ్చిందనుకుని "సారీ, సారీ" అన్నాను. ఆవిడ తిన్నగా లోపలికొచ్చి, ఆరేసిన చీర కొంగు పట్టుకుని చూసింది. "ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి నీ దగ్గర?" అని అడిగింది.

ఆవిడే రివ్కమ్మ, యూదు. ఆవిడ పక్కింటి సమీరా పాలస్తీనా నుంచి వచ్చిన అరబ్బు. మగవాళ్ళ కళ్ళముందు ఈదకూడదన్నది ఇద్దరి ఇళ్ళలోనూ ఉన్న పద్ధతే. విడివిడిగా అడిగితే ఆఫీసు వాళ్ళు వినలేదట. రెండు వైపుల ఆడవాళ్ళూ కలిసి అడిగితే అపార్ట్‌మెంట్ కొలనుని బుధవారం పదకొండింటికి ఒక గంట ఆడవాళ్ళకే ఇచ్చారు. పన్నెండు మందికి తగ్గితే మాత్రం ఆ గంట రద్దు. కొలను చుట్టూ గాజు గోడలు, కర్టెన్లు లేవు. అలా నా నేత చీరలు నాలుగు కర్టెన్లయ్యాయి, వాటి వెనకే నేనూ వెళ్ళాను.

"నేను లావమ్మా, మునిగిపోతాను" అన్నాను, నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో.

"నీలాంటివాళ్ళే ముందు తేలేది. మునిగితే ఎముకల గూడుని, నేను మునగాలి. పడుకో రత్నా."

నా వీపు కింద ఒక చెయ్యి రివ్కమ్మది, ఒక చెయ్యి సమీరాది. "ఆంటీ, కాళ్ళు కొట్టండి. మట్టి తొక్కుతున్నారా?" అని సమీరా నవ్వేది. ఆ చేతులు ఎప్పుడు తీసేశారో తెలియదు, నేను తేలుతున్నాను. ఆ పూట ఇంటికొచ్చి అమ్మాయికి ఈ మాటే పదిసార్లు చెప్పాను.

అంతలో వాళ్ళ దేశాల వైపు యుద్ధం వచ్చింది. రివ్కమ్మ చెల్లెలి మనవడు అక్కడ సైన్యంలో ఉన్నాడు. సమీరా అన్నగారి ఇల్లు కూలిపోయింది. ఒక బుధవారం సమీరా నీళ్ళలో నిలబడి ఆ సంగతి చెబుతూ ఏడ్చింది. రివ్కమ్మ ముఖం బిగుసుకుపోయింది. "ఇక్కడ ఆ మాటలొద్దు. యుద్ధాన్ని నీళ్ళలోకి తేవద్దు" అంది.

"మరి ఈ బరువు నేనెక్కడ దించుకోను?" అని సమీరా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మరుసటి వారం అరబ్బు ఆడవాళ్ళు ఒక్కరూ రాలేదు. ఏం గొడవవుతుందోనని యూదుల్లోనూ కొందరు మానేశారు. ఏడుగురం మిగిలాం. ఇంకొక్క వారం చూస్తామంది ఆఫీసు. రివ్కమ్మ అందరికీ ఫోన్లో మెసేజ్‌లు పెట్టింది, ఎవరూ పలకలేదు.

"ఫోన్లో పిలిస్తే పిలిచినట్టు కాదమ్మా" అన్నాను. "మా వైపు శుభకార్యమైతే ఇంటికెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తాం. అలిగినవాళ్ళ గడప ముందు తొక్కుతాం."

"అయితే పద."

"నేను రాకూడదు. మొగుడు పోయినదాన్ని. పిలుపులకు నన్ను పంపరు."

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నా మొగుడు పోయి పద్దెనిమిదేళ్ళు. నన్నెవరూ ఆపలేదే. బూట్లు వేసుకో."

సమీరా తలుపు సగమే తీసింది. రివ్కమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడింది.

"తప్పు మాటన్నాను" అంది రివ్కమ్మ. "నీ ఏడుపు బయట వదిలి రమ్మన్నాను. నాది నేను వదిలి రాగలనా?"

"నేను చెబితే వింటారా? అడ్డు రాకుండా?"

"వింటాను. తర్వాత నాది నువ్వు వినాలి."

"మీకు కోపమొస్తుంది."

"వస్తుంది. వచ్చినా లేచి వెళ్ళను."

సమీరా నా వైపు తిరిగింది. "మీరెందుకొచ్చారు ఆంటీ?"

"నాకు ఈత సగమే వచ్చింది. సగంలో వదిలేస్తే ఎలాగమ్మా?"

కళ్ళనీళ్ళతోనే ఫక్కున నవ్వి, చెప్పులు వేసుకుని మాతో బయల్దేరింది. ఇక ముగ్గురం మెట్లెక్కడం, దిగడం. కొందరు మొహం మీదే తలుపేశారు. ఒక యూదు ఆవిడ రివ్కమ్మతో, "వాళ్ళింటికెళ్ళి సారీ చెప్పావట, సిగ్గు లేదూ?" అంది. "వచ్చింది మా ఇంటికే. అడగాల్సిందేదో నన్నే అడగండి, ఇక్కడే ఉన్నాను" అంది సమీరా. ఆవిడ తలుపేసుకుంది. బుధవారం మాత్రం ఆవిడా వచ్చింది.

ఆ బుధవారం ఆఫీసు అమ్మాయి కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. తొమ్మిది మందిమి. నేను వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాను. పది. పదకొండు. కాసేపు ఇంకెవరూ రాలేదు. తర్వాత ముగ్గురు ఒక్కసారే వచ్చారు. నేను చప్పట్లు కొట్టాను, ఎవరేమనుకుంటే నాకేం.

ఆ రోజు నుంచి ఈతకు ముందు అందరం కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని గట్టు మీద కూర్చునేవాళ్ళం. అటువైపు ఒకరు, ఇటువైపు ఒకరు తమ ఇంటి సంగతి చెప్పాలి. మిగతావాళ్ళు వినాలి, బదులు చెప్పకూడదు. దాంతో యుద్ధం ఆగిందని నేననను. రెండో వారమే ఒకావిడ కోపంతో లేచి తలుపుదాకా వెళ్ళింది. అక్కడ కాసేపు నిలబడి, తిరిగొచ్చి కూర్చుంది. రివ్కమ్మ కొంచెం జరిగి ఆవిడకు చోటిచ్చింది.

పోయిన చలికాలం రివ్కమ్మ కన్నుమూసింది. ఆ గంట ఇప్పుడు సమీరా, నేను నడుపుతున్నాం. ఈమధ్య మా అమ్మాయి ఇల్లు కొనుక్కుంది. పంతులుగారు గృహప్రవేశం శనివారమంటే, ఆ రోజు రివ్కమ్మ వైపువాళ్ళకు విశ్రాంతి దినం, ప్రయాణం చెయ్యరని పట్టుబట్టి ఆదివారం ముహూర్తం పెట్టించాను. "పిలుపులకు ఎవర్ని పంపుదాం అమ్మా?" అంది అమ్మాయి.

కుంకుమ భరిణె తీసుకుని నేనే వెళ్ళాను. మొదటి తలుపు మన తెలుగమ్మాయిదే. బోసిగా ఉన్న నా నుదురు చూసి, "మీరొచ్చారా ఆంటీ?" అంది.

"నేనే అమ్మా. ఆదివారం తొమ్మిదింటికి. భోజనం మా ఇంట్లోనే."

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. నేను ఆగలేదు. కుంకుమద్దిన వేలు చాచాను. ఆ అమ్మాయి నుదురు ముందుకు వంచింది.