అప్ అండ్ డౌన్ చేసినవాళ్ళం

కుర్రకారు ఫోన్లలో పుట్టించిన మాటలు కొన్ని ఇంగ్లీషు నిఘంటువులోకి ఎక్కాయని పొద్దున పేపర్లో వచ్చింది. అది చదివి మా అల్లుడుగారు భాష భ్రష్టుపట్టిపోయిందని కాఫీ చల్లారేదాకా వాపోయారు. కుర్రాళ్ళలో ఆకట్టుకునే గుణాన్ని రిజ్ అనే మా మనవరాలు కిసుక్కున నవ్వింది. ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కనుక తీర్పు నన్ను చెప్పమన్నారు. నేను మనవరాలి పక్షం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం రోజూ పాసింజరులో వెళ్ళివచ్చేదాన్ని. దాన్ని అప్ అండ్ డౌన్ చేయడం అనేవాళ్ళం, మీకూ గుర్తుండే ఉంటుంది. ఆడవాళ్ళ పెట్టెలో ముందెక్కిన నేను సీటు మీద చేతిరుమాలు పరిచి, భీమడోలులో ఎక్కే టైపిస్టుకి చోటు ఆపేదాన్ని. ఆవిణ్ణి వదినా అని పిలిచేదాన్ని. సాయంత్రం తిరుగుబండిలో ఒళ్ళో పేపరు పరుచుకుని, ఇంటికెళ్ళగానే పొయ్యెక్కించడానికి చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకునేవాళ్ళం, ఒంట్లో బాగోలేనివాళ్ళ కూర మిగతావాళ్ళం తరిగిపెట్టేవాళ్ళం.

ఒకనాడు క్లాసులో నా గురించి చెబుతూ, ఐ డూ అప్ అండ్ డౌన్ అన్నాను. గుమ్మంలో హెడ్మాస్టరుగారు.

"అదేం ఇంగ్లీషండీ? కమ్యూట్ అనాలి. తప్పు చెప్పానని పిల్లలతో అనండి."

అప్పటికి నా ఉద్యోగం పర్మినెంటు కాలేదు, సంతకం పెట్టాల్సింది ఆయనే. అయినా రోషం ఊరుకోలేదు.

"పరీక్షలో కమ్యూటే రాయిస్తానండి. మా మాట తప్పని మాత్రం అననండి."

ఎక్కడో ఇంగ్లీషువాళ్ళ సీమలో నలుగురు అంటే అది మాటట, పెట్టె నిండా ఆడవాళ్ళం అంటే తప్పట! నా పర్మినెంటు ఏడాది వెనక్కి పోయింది. పోతే పోయింది, తప్పని ఇప్పటికీ అనను. ఆ సాయంత్రం బండిలో సంగతి విని, వదిన నా ఒళ్ళోని చిక్కుడుకాయలు లాక్కుని తనే ఈనెలు తీసింది.

మొన్న అదే దారిలో బండెక్కాను. ఆడపిల్లలు ఇప్పటికీ అప్ అండ్ డౌన్ అనే అంటున్నారు, కాకపోతే ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటున్నారు, పక్కనున్నది ఎవరో ఎవరికీ పట్టలేదు. రేపు నిఘంటువు వాళ్ళు మా మాటనీ చేర్చుకుంటామని వస్తే, దాని అర్థం వాళ్ళకెలా చెప్పాలో నాకు తెలియదు. వదిన పోయి చాలాకాలమైంది. అయినా పక్క సీటు మీద చేతిరుమాలు వేశాను. ఎవరో అమ్మాయి ఖాళీయేనా అండీ అని అడిగితే, మా మనిషి ఎక్కుతుందమ్మా అన్నాను. భీమడోలు దాటేదాకా తియ్యలేదు.