మొదట కాలు చూద్దాం

ఆ రోజు మధ్యాహ్నం ప్రొద్దుటూరులో నేను పనిచేసే స్కానింగ్ సెంటర్ ముందు రెండు సుమోలు ఆగాయి. ఎలక్షన్లు అయిపోయి నెలన్నర. జమ్మలమడుగు దగ్గరి ఒక పల్లెలో పార్టీ గొడవల భయంతో పడుచు మగవాళ్లంతా ఊరు విడిచిపోయారని, ఆడవాళ్లు తలుపులు బిగించుకుని ఉన్నారని వింటూనే ఉన్నాం. సుమోలోంచి దిగిన ఏడు నెలల గర్భిణి ఆ ఊరి కోడలు. పక్కన ఆమె మామ, అక్కడ ఒక పార్టీకి పెద్ద. వెనకాల ఆరుగురు మనుషులు.

ఆమెను ముందు చూసిన పులివెందుల డాక్టరు చీటీలో రాసింది ఒక్క ముక్క: ఛాతీకి సి.టి. స్కాన్. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందేమోనని ఆయన అనుమానం. అది అనుమానించవలసిందే. ఆ అమ్మాయికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఊపిరి పీలిస్తే పక్కలో పోటు.

"ఇన్నాళ్లూ ఏం చేస్తాండావు తల్లీ?" అని అడిగాను.

"ఏం జేయల్యా అక్కా. గడప దాటొద్దన్యారు. రూములో పండుకోనే ఉండా."

గర్భిణి అన్నాళ్లు కదలకుండా పడుకుంటే కాలి సిరలో రక్తం గడ్డకట్టి, అక్కడినుంచి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. చీర అంచు పైకి తీసి చూశాను. ఎడమ పిక్క కుడిదానికంటే లావుగా, బిగిసి ఉంది. ఆ సంగతి చీటీలో లేదు. వేలికి మిషన్ పెట్టి చూస్తే ఆక్సిజన్ బాగానే ఉంది, బీపీ పడిపోలేదు. కాలు చూడటానికి పది నిమిషాల వ్యవధి ఉంది.

బయటికొచ్చి, ముందు కాలు చూస్తానని చెప్పాను. పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"రొమ్ములో నొప్పంటే కాలు చూస్తానంటావేంది డాక్టరమ్మా? పెద్ద మిషన్ మా పిల్లకు పనికిరాదా?"

ఆరుగురూ దగ్గరికి జరిగారు. నాది లింగాలలో గొర్రెలు మేపుకునే ఇల్లు. ఇలాంటి పెద్దల ముందు మా నాయన చెప్పులు విడిచి నిలబడేవాడు. నేను మాత్రం ఆయనకు ఎదురుగా నిలబడే జవాబు చెప్పాను.

"తీయనని అనల్యా మామా. కాలులో గడ్డ కనబడితే రొమ్ములో గడ్డకు ఇచ్చే సూదిమందే ఇస్తారు. అప్పుడు తల్లికీ బిడ్డకూ ఆ పెద్ద మిషన్ ఎక్స్‌రే తగిలించే పని ల్యా. కనబడకపోతే నేనే పెద్ద స్కాన్ తీయిస్తా, ఒక్క నిమిషం ఆలస్యం జేయను."

పెద్దాయన అడిగాడు: "నీ బిడ్డయితే ఇట్లే జేస్తావా?"

"ఇట్లే జేస్తా."

ఆయన పక్కకు జరిగి దారిచ్చాడు. ఆ అమ్మాయి గజ్జల దగ్గర అల్ట్రాసౌండ్ ప్రోబు పెట్టి నొక్కాను. ఆరోగ్యంగా ఉన్న సిర నొక్కగానే అణిగిపోతుంది. ఇది అణగలేదు. లోపల గడ్డ బూడిదరంగులో మెత్తగా కనిపించింది. "బిడ్డకేం గాదు గదా అక్కా?" అంది ఆ అమ్మాయి. ఏమీ కాదని చెప్పి, పులివెందుల డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన ఒప్పుకున్నాడు. గంటలోపే పక్క ఆసుపత్రిలో మొదటి సూది పడింది. పెద్ద స్కాన్ అవసరమే రాలేదు.

కాన్పు క్షేమంగా జరిగింది, ఆడపిల్ల. పెద్దాయన స్వయంగా వచ్చి, తన మనుషుల ముందే, "ఆ పొద్దు నీ మీద అరిస్తినమ్మా, మనసులో పెట్టుకోవాకు" అన్నాడు. అంతటి మనిషి అలా అనడం నేనెక్కడా చూడలేదు.

నాకు అంతకంటే గర్వమైన సంగతి ఇంకొకటుంది. కొన్నాళ్లకు పులివెందుల నుంచి వచ్చే చీటీలు మారాయి. రోగి బాధేమిటో, కాళ్లెలా ఉన్నాయో వివరంగా రాసి, కింద ఆ డాక్టరు "ఏ స్కాన్ మేలో మీరే చూడండి" అని రాయడం మొదలుపెట్టాడు.