కింది మోకాళ్లు

శనివారం పొద్దున పదిన్నరకు నిజామాబాద్ మైదానంలో, ఒకరి మీద ఒకరు నిలబడే పిరమిడ్ పోటీలో మా బోధన్ ఆడపిల్లల వంతు వచ్చింది. అందరి మీద నిలబడేది నా మనుమరాలు గంగ.

"మేడం, గా జట్టోళ్లు నాలుగంతస్తులు కట్టిండ్రు. మనం గూడ కడితేనే కప్పొస్తది," అన్నది గంగ.

డ్రిల్లు మేడం ఎన్నడూ పైకి చూడదు. వంగి, కింద నిలబడే పిల్లల మోకాళ్లే చూస్తుంది. అప్పుడూ అంతే.

"సబీన మోకాలు వణుకుతుంది సూడు. ఒక్కసారి నిలిస్తే సాలదే, ఎప్పుడు కట్టినా నిలవాలె."

మూడంతస్తులే కట్టారు. ఇసుమంతైనా కదల్లేదు. కప్పు మాత్రం నాలుగు కట్టినవాళ్లకే పోయింది. గంగ ఏడ్చింది.

"నువ్వు పిరికిదానివి బిడ్డా," అని మేడం మొహం మీదే అన్నాను.

"ఔను అవ్వా," అని నవ్వి, ఆమె సబీన మోకాలు ఒత్తుతూ కూర్చుంది.

ఆనాడు అక్కడున్నవాళ్ల పేర్లు ఇప్పుడు ఎవరడిగినా కింది నుంచే చెప్తాను: కాళ్ల దగ్గర వంగిన మేడం, సబీన, రాజమణి, లక్ష్మి, వాళ్ల భుజాల మీద పూజ, సునీత, పక్కన నేను, అందరి పైన, ఆఖరున, నా గంగ.