మూర్తిగారు మెచ్చిన బీరు

మిషిగన్‌లో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిందిది. మా మేనేజర్ మూర్తిగారికి తానొక బీరు పండితుణ్ణని గట్టి నమ్మకం. ఒక శనివారం మధ్యాహ్నం నన్ను ఫార్మింగ్టన్ హిల్స్ దగ్గరి చిన్న బ్రూవరీకి లాక్కెళ్లారు. అక్కడ బెల్జియం పద్ధతిలో కాచిన బీర్లను చిట్టి గ్లాసుల్లో రుచి చూపిస్తారు.

ఆయన ప్రతి గ్లాసునూ గిరగిరా తిప్పి, కళ్లు మూసుకుని వాసన చూసి, "అరటిపండు తెలుస్తోందా? వెనకాల లవంగం?" అని నన్ను పరీక్షించారు. నాకు తెలిసింది చేదొక్కటే. అయినా నా కాంట్రాక్టు ఎక్స్‌టెండ్ చేయాల్సింది ఆయనే కనుక, "క్లియర్‌గా తెలుస్తోందండీ" అన్నాను.

బల్ల మీద ఒక గాజు కూజాలో మట్టిరంగు బీరు కనిపించింది. ఆయనే ఇద్దరికీ వంచి, ఒక గుక్క తాగి, "ఇదయ్యా అసలు సరుకు! ఎంత కాంప్లెక్స్‌గా ఉందో చూడు" అన్నారు. నేనూ ఒక గుక్క తాగితే గిన్నెలు కడిగిన నీళ్లలా అనిపించింది. "అద్భుతమండీ" అంటూ గ్లాసు ఖాళీ చేశాను.

అంతలో సర్వర్ అమ్మాయి పరుగెత్తుకొచ్చి, అది తాగొద్దని, జనం వదిలేసిన బీరు పారబోసే కూజా అని ఇంగ్లీషులో అరిచింది. పక్క బల్లలవాళ్లు పగలబడి నవ్వారు.

కాంట్రాక్టు మాత్రం పొడిగించారు. ఆయన్ని తలుచుకుని చాలాకాలం వెటకారంగా నవ్వుకున్నాను. కానీ పాపం, ఆయన బాగుందనుకునే తాగారు. అది ఎంగిలి నీళ్లలా ఉందని తెలిసీ మెచ్చుకున్న ఘనుణ్ణి నేను.