పెద్దసుబ్బయ్య తెచ్చిన ఒడిబియ్యం

నంద్యాల దాటాక బస్సు గుంతలో పడి లేచింది. పెద్దసుబ్బయ్య ఒడిలోని గుడ్డసంచి జారి పక్కసీటామె కాళ్ల మీద పడింది. దాన్ని ఎత్తి ఇస్తూ ఆమె తన వేళ్లకంటిన పసుపు చూసుకుంది.

“యాడికప్పా పోతాండావు?”

“కర్నూలుకు. కొండారెడ్డి బురుజు చూసొద్దామని.”

“బురుజుకు ఒడిబియ్యం పోస్తావా ఏంది?”

పెద్దసుబ్బయ్యకు నవ్వు రాలేదు. బద్వేలు పక్కన మెట్టచేను, ఎప్పుడన్నా ప్రొద్దుటూరు బజారు, అంతకుమించి అతను తిరిగింది లేదు. కర్నూలు చూడకపోవడానికి మాత్రం దూరం కారణం కాదు. చెల్లెలు అలివేలమ్మ ఆ ఊళ్లోనే ఉంది. కులంకాని దర్జీ ఏసన్నను పెళ్లి చేసుకుని ఆమె వెళ్లిపోయిననాడు, ఈ ఇంటికి ఆడబిడ్డ లేదన్నాడు తండ్రి. ఆయన బతికున్నన్నాళ్లూ ఎవరూ ఆమె గడప తొక్కలేదు. నిరుడు మాఘంలో ఆయన పోయాడు. మైల ఏడాదిలో శుభకార్యం చేయకూడదు గనుక పెద్దసుబ్బయ్య ఆగాడు. సంవత్సరీకం కాగానే బియ్యానికి పసుపు కలిపి, ఎండుకొబ్బరి, రవికగుడ్డ పెట్టి మూటకట్టాడు. పుట్టింటివాళ్లు వచ్చి ఆ బియ్యం కొంగులో పోస్తేనే ఆడదానికి పుట్టిల్లు ఉన్నట్టు.

పక్కసీటామె పేరు ఈరక్క. కర్నూలు పాతబస్తీలో పూలు అమ్ముతుంది. “నేనూ ఆ పక్కకే, రా” అని బస్టాండు నుంచి వెంటబెట్టుకుంది.

బురుజు ముందు అతను కాసేపు నిలబడ్డాడు.

“ఇంతేనా అక్కా? సినిమాలో శానా పెద్దగా ఉండాదే.”

“సినిమాలో హీరో మాత్రం? దగ్గరికి పోయి చూడు.”

కోటలున్న ఊళ్లన్నీ ఇంతే. కట్టించిన దొరల పేర్లు చరిత్రలు తిరగేసేవాళ్లకు కావాలి. ఆ నీడలో గాజులు పేర్చుకున్నవాడికి ఎండ తగలకపోతే చాలు. ఆ వైభవమేదీ పెద్దసుబ్బయ్య కంటికి ఆనలేదు. అత్తరు దుకాణం దాటాడు, మసీదు దాటాడు, కుట్టుమిషను చప్పుడు వినబడిన చోటల్లా ఆగి లోపలికి తొంగిచూశాడు. చివరికి ఈరక్కనే అడిగాడు.

“దర్జీ ఏసన్న ఇల్లు తెలుసా?”

ఈరక్క నడక ఆగింది. “అలివేలమ్మకు ఏమైతావు నువ్వు?”

“అన్నను.”

ఆమె ఒక అరుగు మీద కూర్చుంది.

“ఏసన్న దసరా ముందర పోయినాడప్పా. గుండెనొప్పి. ఎవురికి చెప్పాల్నో మాకు తెలీకపాయె.”

పెద్దసుబ్బయ్య సంచిని ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. ఒడిబియ్యం ముత్తైదువకే. ఇంటికి మంచిది కాదని తను ఆగిన ఏడాదిలోనే అంతా అయిపోయింది.

ఈరక్క వెంట వెళ్తే, ఏటివైపు సందులో, గుమ్మం పక్కనే మిషను కుడుతూ కనిపించింది అలివేలమ్మ. జుట్టు నెరిసింది. తలెత్తి, అతన్ని చూసి, చక్రం మీద చెయ్యి ఆనించి ఆపింది.

“వచ్చినావా అన్నా.”

తర్వాత ఆమె చూపు సంచికంటిన పసుపు మీద పడింది. లేచి గడప దగ్గరికి వచ్చి, కొంగు రెండు చేతులతో చాపింది.

“పొయ్యన్నా.”

“ఇప్పుడు పోయగూడదు, అలివేలూ.”

“పోయాల్సినప్పుడు నువ్వు రాలా. ఈ వీధిలో అందరాడోళ్లకూ అన్నదమ్ములొచ్చి పోసిపోతాంటే ఇట్లా తలుపు పక్కన నిలబడి చూసినా. ఇప్పుడొచ్చినావు. పొయ్యి.”

అతను మూటముడి విప్పాడు. పిడికెడు బియ్యం తీశాడు. తప్పుపట్టేవాళ్లు ఎవరూ లేరు. ఈరక్క కూడా మొహం తిప్పుకుంది. చాపిన కొంగు మీదికి చెయ్యి వెళ్లింది గానీ వేళ్లు విచ్చుకోలేదు. పిడికిలి అట్లాగే సంచిలోకి తిరిగి వచ్చింది.

అలివేలమ్మ కొంగు దించి నడుముకు దోపుకుంది.

“సరేలే. కాళ్లు కడుక్కో, సంగటి తిందువు” అని నీళ్లకు లోపలికి వెళ్లింది.

పెద్దసుబ్బయ్య ముడి బిగించాడు. సంచి చంకన పెట్టుకుని వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

“అప్పా, నిలబడు. ఆయమ్మకు చెప్పైనా పో” అంది ఈరక్క.

అతను నిలబడలేదు.