మా అత్తగారి రాత, బూబమ్మ సబరు

మా అత్తగారికి సంతకం చేయడం రాదు. ఎదుటివాళ్ల నుదుటి మీద దేవుడు రాసింది మాత్రం కళ్లజోడు లేకుండా చదివేవారు. వీధిలో ఎవరికి ఏ కష్టం వచ్చినా "రాసిపెట్టుండాదమ్మా, తప్పుతాదా?" అని తీర్పు చెప్పేసి, తర్వాత తీరిగ్గా కాఫీ తాగేవారు. ఆమెకు చదవరాని నుదురు ఒక్కటే, కన్నకొడుకుది, అంటే మా ఆయనది. ఆయన పరీక్ష రెండుసార్లు తప్పితే అది రాత కాదు, మేష్టర్ల కుట్ర.

అరవైల మొదట్లో పెళ్లై నేను మైసూరు రాష్ట్రంలోని చింతామణికి వచ్చాను. మా ఆయన ఒక బస్సు యజమాని దగ్గర గుమాస్తా. మా గోడకు ఆనుకున్న ఇంట్లో ఒక ముస్లిం ముసలామె పట్టుదారం తీసేది. వీధంతా ఆమెను బూబమ్మ అనేవారు. భర్త ఎప్పుడో పోయాడు. ఇరవై అయిదేళ్ల కొడుకు బాగేపల్లి వైపు పల్లెలు తిరిగి పట్టుగూళ్లు కొనుక్కొస్తే, ఆమె వాటిని కాగే నీళ్లలో వేసి చరఖా మీద దారం చుట్టేది. వేళ్లు ఉడికిపోయి తెల్లగా ఉండేవి. మా ఇంట్లో ఎవరూ ఆమె ఇంటి నీళ్లు తాగకూడదు. పిల్లలకు దిష్టి తగిలితే మాత్రం ఆమె మంత్రించి ఊదిన నీళ్లు తాగొచ్చు. ఆ నీళ్లకు మైల అంటదని మా అత్తగారే కనిపెట్టారు.

బూబమ్మ మాటకు ముందొకసారి, వెనకొకసారి "సబర్" అనేది. ఓర్చుకోవడం అన్నమాట. నాకు ఒళ్లు మండేది. ఇంట్లో రాత చాలదన్నట్టు గోడ అవతల సబరు కూడానా?

ఒకరోజు అడిగేశాను. "ఏం బూబమ్మా, మీ సబరూ మా అత్త చెప్పే రాతా ఒకటేనా?"

చరఖా ఆపి, దారం గురించో గూటి గురించో ఏదో వేదాంతం చెబుతుందని ఎదురుచూశాను.

"ఊరికే నిలబడుకోనుండావు, పొయ్యిలో కట్టె ఎగదొయ్యమ్మా" అంది.

మా ఆయన యజమాని బస్సుల్లో ఒకదానికి బ్రేకు సరిగ్గా పడదన్న సంగతి ఊరందరికీ తెలుసు. ఆపిన చోటల్లా డ్రైవరు చక్రం కింద రాయి పెట్టించేవాడు. అతను మూడుసార్లు ఆఫీసుకొచ్చి మొత్తుకున్నాడనీ, మూడుసార్లూ యజమాని "చూద్దాంలే" అన్నాడనీ మా ఆయన అన్నం తింటూ నవ్వుతూ చెప్పేవాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం, బాగేపల్లి నుంచి వస్తున్న ఆ బస్సు దిగుడులో ఆగలేదు. రోడ్డు పక్క బండను గుద్దుకుంది. చాలామందికి దెబ్బలు తగిలాయి. ప్రాణం పోయింది మాత్రం ఒక్కడికే, బూబమ్మ కొడుక్కి.

శవాన్ని సాయంత్రం తెచ్చారు. బూబమ్మ తలుపు పట్టుకుని నిలబడి అరబ్బీలో ఏదో అంది. మనమంతా దేవుడి సొత్తే, మళ్లీ ఆయన దగ్గరికే పోయేది అని దాని అర్థమట. గట్టిగా ఏడవలేదు. దాంతో మా వీధికి పెద్ద ఇబ్బంది వచ్చిపడింది. ఓదార్చడానికి వచ్చినవాళ్లకు పని లేకపోయింది. "ఏమి గుండె తల్లీ, రాయి" అనుకుంటూ వెళ్లారు. ఏడ్చుంటే "ఇంతేనా దేవుడి మీద నమ్మకం" అనేవాళ్లే. మా అత్తగారు గడప బయటే నిలబడి "నీ రాత తల్లీ" అని చదివి వినిపించి, ఇంటికొచ్చి తలస్నానం చేశారు.

నాలుగో రోజు పొద్దున చరఖా చప్పుడు విని వెళ్లాను. బూబమ్మ దారం తీస్తోంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"సబరంటే ఏడవకుండా ఉండేది కాదా బూబమ్మా?" అన్నాను. నా బుద్ధికి తట్టిన ఓదార్పు అది.

"ఎవురు చెప్పిరి నీకు? బిడ్డ పోయినప్పుడు మా ప్రవక్తే ఏడిసినారంట. కన్ను ఏడుస్తాది, గుండె కాలతాది. ఎందుకు చేస్తివని నోరు మాత్రం దేవుణ్ణి అడగకూడదు." తెగిన పోగు అతికించింది. "నోరు అడగలేదమ్మా. లోపల అడుగుతానే ఉండాది. దాన్ని ఊరుకోబెట్టేదానికే సబరు. పొద్దున ఊరుకుంటాది, మధ్యాహ్నానికి మళ్లీ లేస్తాది."

ఆ వారమే బస్సు యజమాని వచ్చాడు. తెల్లటి పంచె, వెనక పండ్లబుట్ట మోస్తూ మా ఆయన. ఇస్లాం మీద అంత పట్టున్న హిందువును నేను మళ్లీ చూడలేదు.

"అంతా అల్లా రాసిండేది కదా బూబమ్మా. వాని ఆయుస్సు అంతే. పోలీసోళ్లు అడిగితే అదే చెప్పు. మీ ధర్మంలో సబర్ అని ఉండాది కదా?"

గోడ ఇవతల నేను చెవి ఆనించి వింటున్నాను. బూబమ్మ తల మీద కొంగు సర్దుకుంది.

"ఉండాదప్పా. నా బిడ్డ పోయేది వాని తక్దీరు, దేవుడు రాసిన రాత. దానికి సబరు చేస్తా. బ్రేకు బాగు చేయించేది తక్దీరు కాదు, మీ పని. దానికి నేనెందుకు సబరు చేయల్ల?"

యజమాని ధర్మజ్ఞానం అక్కడికి అయిపోయింది. పండ్లబుట్టను మా ఆయనే మళ్లీ మోసుకుపోయాడు.

మరుసటి రోజు బూబమ్మ మా గుమ్మం ముందు నిలబడింది. "నీకు కన్నడ రాసేది వస్తాది కదమ్మా, పోలీసోళ్లకి ఒక అర్జీ రాసియ్యి."

నేను చిక్కబళ్లాపురంలో ఎస్సెల్సీ ప్యాసయ్యాను. ఆ చదువు అప్పటిదాకా మా ఇంట్లో ఉత్తరాల మీద అడ్రసు రాయడానికి పనికొచ్చింది. చక్రం కింద రాయి సంగతి రాశాను. డ్రైవరు మూడుసార్లు ఆఫీసుకు పోయిన సంగతి దగ్గర చెయ్యి ఆగింది. అది మా ఆయన నోటినుంచి తప్ప ఇంకెక్కడినుంచీ నాకు తెలిసే దారి లేదు.

బూబమ్మకు అర్థమైంది. "నీ మొగుని పనికి తగులుతాదంటే వదిలెయ్యమ్మా. నేనేమీ అనుకోను."

రాశాను. ధైర్యంతో రాశానని చెప్పుకుంటే బాగుంటుంది. అన్నం దగ్గర నవ్విన నవ్వు గుర్తొచ్చి రాశాను.

పది రోజులకు మా ఆయన ఉద్యోగం పోయింది. మా అత్తగారు యజమానిని, పోలీసులను, బూబమ్మను, నన్ను, నా పుట్టింటి ఏడు తరాలను వరసగా తిట్టారు. దేవుణ్ణి ఒక్కణ్ణి వదిలేశారు. ఇదీ ఆయనే రాసిపెట్టి ఉంటాడన్న సంగతి ఆమెకు తట్టలేదు పాపం.

"రాసిపెట్టుండాదేమో అత్తా" అని నేనే గుర్తు చేశాను. ఆ పూట నాకు అన్నం లేదు. తర్వాత మా ఆయనకు కైవారంలో ఒక దుకాణంలో పని దొరికింది. జీతం తక్కువ, యజమాని బస్సులు లేనివాడు.

కేసు రెండేళ్లు నడిచింది. బూబమ్మకు తోడుగా నేను మూడుసార్లు చిక్కబళ్లాపురం కోర్టుకు వెళ్లాను. మూడుసార్లూ వాయిదా. నేను వరండాలో నిలబడి జవాను మీద అరిచేదాన్ని. ఆమె మూలన తువ్వాలు పరుచుకుని నమాజు చేసుకుని వచ్చేది. అరిచినందుకు సిగ్గుపడి ఒకసారి "నాకు నీ సబరు లేదు బూబమ్మా" అన్నాను.

"నువ్వు అరువమ్మా. నాకు గొంతు లేదు. ఇద్దరం సబరు చేస్తే ఆ జవాను మనల్ని మర్చేపోతాడు."

చివరికి తీర్పు వచ్చింది. యజమానికి జుల్మానా, డ్రైవరుకు మూడు నెలల జైలు. మూడుసార్లు మొత్తుకున్నవాడికి మూడు నెలలు. చట్టానికి లెక్కలు బాగా వచ్చు. తీర్పు విన్న రోజు బూబమ్మ నోరు తెరిచి తిట్టడం మొదటిసారి విన్నాను. ఉర్దూలో తిట్టింది, నాకు సగమే అర్థమైంది. తర్వాత చెంపలు వేసుకుంది.

ఆ వారం ఆమె డ్రైవరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి అతని భార్యను వెంటబెట్టుకొచ్చింది. కొడుకు ఇంట్లో ఉన్నప్పుడు తిప్పుతుండిన, అతను పోయాక ఖాళీగా పడున్న రెండో చరఖా ముందు కూర్చోబెట్టింది. మొదట్లో ఆ పిల్ల వేళ్లు కాలి బొబ్బలెక్కాయి. నెల తిరిగేసరికి చెయ్యి కుదిరింది. భర్త జైలునుంచి వచ్చాక కూడా పని మానలేదు.

మధ్యాహ్నం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని రాగిముద్ద తినడం గోడ మీంచి చూసేదాన్ని. ఆమె భర్త నడిపిన బస్సులో ఈమె కొడుకు పోయాడు. అంత వాగుడు వాగేదాన్ని, ఎలా తింటున్నారని మాత్రం వాళ్లను అడగలేకపోయాను.