ముందు మోరికి పొగాకు, తర్వాతే పందిరి

మా అరకు లోయలో పెళ్లి చేయించడమంటే నా తర్వాతే ఎవరైనా. వీధిబడిలో ఎక్కాలన్నీ తడుముకోకుండా అప్పజెప్పి పంతులుచేత శభాష్ అనిపించుకున్నవాణ్ణి. కొండ ఊళ్ల మీద పెత్తనం చేసే ముఠాదారు ఎదుట నిలబడి ఊరికి వెట్టిమోత తగ్గించినవాణ్ణి. వానలకు కొట్టుకుపోయే సంతబాటకు రాళ్లు పరిపించినవాణ్ణి. నేను వేయించిన పందిట్లో ఆకు ముందు కూర్చున్నవాడు ఆకలితో లేచింది లేదు. అలాంటి నన్ను ఒక సాయంత్రమంతా వాగు ఒడ్డున నిలబెట్టి ఏడిపించినవాడు ఒక్కడే. వాడు మా ఊరి మోరిగాడు గాసి.

మోరి అంటే సన్నాయికి కొండ చుట్టం. గాసికి అది తండ్రి చేతినుంచి వచ్చింది. మనిషి బక్కపలచన. ఊదేటప్పుడు బుగ్గలు మాత్రం కొలిమితిత్తుల్లా ఉబ్బుతాయి. పోడు కొట్టుకుని చోళ్లు, సామలు పండించుకుంటాడు. ఘాటీ రోడ్డు పనికి తోలుకుపోయినప్పుడు కూడా మోరిని నడుముకు కట్టుకునే వెళ్లాడు. సాయంత్రం మేస్త్రీ ఊదమంటే, “రాళ్లు మోసిన్నాడు ఊదను” అన్నాడట. వాడితో వచ్చిన చిక్కే అది. తిట్టడు, కొట్లాడడు. మొహం తిప్పుకుని వెళ్లిపోతాడు. తిట్టేవాడైతే నాలుగు తిట్టి దారికి తెచ్చుకోవచ్చు.

మా వైపు పద్ధతి చెబుతాను. పెళ్లికూతురి వాళ్లు తమ మేళంతో మన పొలిమేర వాగు దాకా వస్తారు. అవతలి ఒడ్డున నిలబడి వాళ్ల మోరిగాడు ఒక వరస ఊదుతాడు. ఇవతలినుంచి మన మేళం అదే వరసను అందుకుని తిరిగి పలకాలి. పలికితే రమ్మన్నట్టు. పలకకపోతే వాగు దాటరు. పొద్దు గాలికొండ వెనక్కి దిగేదాకా చూసి పిల్లను వెనక్కి తీసుకుపోతారు. ఆ సంబంధం మాట మళ్లీ ఎత్తకూడదు.

అందుకే పెళ్లి పెట్టుకున్న ప్రతివాడికీ గొంతు పోయేలా చెబుతాను: పందిరి గుంజలు తర్వాత, మేకలు తర్వాత. ముందు మోరిగాడి ఇంటికి వెళ్లి పొగాకు కట్ట చేతిలో పెట్టండిరా అని. ఎవరి పొగాకు పుచ్చుకుంటే ఆ పెళ్లికి వాడు వాళ్ల మనిషి. ఎవడు వింటాడు?

మన్యంలో ఫితూరీ అణిగిన మరుసటి ఏడు మా తమ్ముడు మల్లేశు కొడుకు మంగ్లు పెళ్లి. వాగవతలి గూడెంలో కనక అనే పిల్లను చూసి మాట ఇచ్చింది నేను. “తిండి, పందిరి నేను చూస్తాను, మేళం ఒక్కటి నువ్వు చూడరా” అన్నాను మల్లేశుతో. పెళ్లినాటి పొద్దున్న చూద్దును కదా, ఇత్తడి బాకాలు మెరుస్తూ, కుంటుతూ కొందరు ఊళ్లోకి వస్తున్నారు.

“ఇదేటిరా?” అన్నాను.

“బ్యాండు మేళం అన్నియ్యా! కొండ కింద కోట సంతలో కుదిర్సినాను. ముఠాదారింటి పెళ్లికి ఈళ్లే ఒచ్చినారట.”

“మరి గాసికి పొగాకు?”

“గాసికేటి, ఊర్లోవోడే కదా. కట్టెలు కొట్టమని సెప్పినాను.”

గాసి ఇంటికి పరుగెత్తాను. గొడ్డలి అరుగుమీదే ఉంది. మోరి లేదు, మనిషీ లేడు. వాడి పెళ్లాం నూకరత్నం తాపీగా సామలు చెరుగుతోంది.

“ఈశ్వరమ్మొదిన ఎప్పుడో పొగాకెట్టి పోనాది పెద్దయ్యా. ఆల్లతోటే ఒత్తాడు” అంది.

ఈశ్వరమ్మ అంటే పెళ్లికూతురి మేనత్త. నోరున్న మనిషి, బుద్ధి కూడా ఉందని ఆ రోజే తెలిసింది.

ఇక బ్యాండు వాళ్ల సంగతి. ఘాటీ ఎక్కి కాళ్లు బొబ్బలెక్కి ఉన్నారు, వేన్నీళ్లు కావాలన్నారు. సామలన్నం గొంతు దిగదు, వరన్నం కావాలన్నారు. మేళాన్ని పొయ్యిగాలికి ఎదురుగా కూర్చోబెట్టకూడదని చిన్నపిల్లకైనా తెలుసు. మల్లేశు సరిగ్గా అక్కడే కూర్చోబెట్టాడు. పొగ మింగి మధ్యాహ్నానికల్లా అందరికీ దగ్గు.

పొద్దు వాలుతుండగా అవతలి ఒడ్డున మోరి మోగింది. గాసిదే. చిన్న వరస, చివర పిట్ట కొమ్మ మారినట్టు ఒక విరుపు. మనవాళ్లు బాకాలన్నీ ఒక్కసారి ఎత్తారు. డ్రమ్ము దెబ్బకు మేకలు తాళ్లు తెంపుకున్నాయి.

ఈశ్వరమ్మ గొంతు వాగు దాటి వచ్చింది. “అన్నా! మేం పెళ్లికొచ్చినామా, పులిని తోలడానికొచ్చినామా?”

అవతల ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు.

“ఒరే గాసీ, మనూరి పరువురా!” అని అరిచాను.

“నానివాళ ఈల్లూరోడిని పెద్దయ్యా. పిలవడం నా వంతు. పలకడం నీ వంతు.”

“పొద్దు సూసుకో అన్నా” అంది ఈశ్వరమ్మ. “పలక్కపోతే మా గుంటని తోలుకుపోతాం.”

పెళ్లికూతురు రాతిమీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకుంది. “బేగి పలకండి మావా, నడుం పడిపోతంది” అంది. నేను కుదిర్చిన సంబంధంలో ఆ రోజు నా వైపు మాట్లాడింది ఆ పిల్ల ఒక్కతే.

డ్రమ్ములు ఆపించాను. క్లారినెట్టు ఊదే లక్ష్మణరావును చెయ్యిపట్టి నీళ్ల అంచుకు లాక్కొచ్చాను. “ఆడు ఏది ఊదితే అదే నువ్వూ ఊదు. సొంతంగా ఏదీ కలపకు” అన్నాను.

“ఎప్పుడూ ఇన్న పాట కాదండి బాబూ” అని గొణిగి ఊదాడు. తప్పు. మళ్లీ తప్పు. కొండనీడ వాగు మీదికి వచ్చేసింది. అడిగినా రెండోసారి ఊదని గాసి, ఆ రోజు అడగకుండానే మళ్లీ ఊదాడు. నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా, కాలితో నీళ్లమీద దెబ్బ వేసుకుంటూ. అంతా అందింది, చివరి విరుపు ఒక్కటి లక్ష్మణరావుకు అందలేదు. కొండమీద పొద్దు చారెడే మిగిలింది. అప్పుడు గాసి ఆ విరుపు లేకుండానే వరస ఊది ఆపేశాడు. లక్ష్మణరావు దాన్ని అలాగే తిప్పి పలికాడు.

“ఇదేటి, తోక కోసేసినావు?” అంది ఈశ్వరమ్మ.

“పొద్దూ కురసైపోనాది కదా వదినా” అన్నాడు గాసి.

ఆవిడ పిల్ల చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దిగింది.

పందిట్లో మొదటి బంతి పెళ్లికూతురి వాళ్లది, వాళ్ల మేళానిది. మన మేళం తినేది అందరూ లేచాకే. ఆ లెక్కన మా ఊరి గాసి మా పందిట్లో మొదటి అడ్డాకు విస్తరి ముందు కూర్చుంటే, మేకకూర నేను వడ్డించాను.

“సల్లారిపోనాది పెద్దయ్యా” అన్నాడు. “మనూరి పెళ్లిలో ఏడికూరెలాగుంటాదో ఈ పాలైనా సూద్దామనుకున్నాను.”

వాగు దగ్గర ఆలస్యం చేసింది ఎవరట? ఆ మాట నోటిదాకా వచ్చింది, ఇంకో గరిటె వడ్డించాను.

తర్వాతి పెళ్లికి పిల్లను చూడకముందే పొగాకు కట్టతో వాడి గుమ్మంలో నిలబడ్డాను. కట్టను తిరగేసి చూసి, “ముందాకు ఎవరికి?” అన్నాడు. ఆచారం ప్రకారం వచ్చినవాళ్లకే అన్నాను. కట్ట నా చేతిలో పెట్టి పోడుకు వెళ్లిపోయాడు. నేనేం చేయను? పెద్దలను పిలిచి, తగువుపడి, రెండు వైపుల మేళాలూ మొదటి బంతిలోనే కూర్చోవాలని కట్టడి చేయించాను. ఆ కట్టడి పెట్టింది నేను. పెద్దలతో అరిచి గొంతు పోగొట్టుకుంది నేను.

ఇప్పుడు చుట్టుపక్కల గూడేలన్నిటా ఆ పద్ధతే నడుస్తోంది. దాన్ని అందరూ గాసి బంతి అంటారు.